గృహిణీగోష్ఠి: బండియింట పుష్యమాసము



ఈ నెల నాకు అందిన జాబులలో నొకటి తక్కినవానిని వెనుకకు నెట్టి తాను ముందు కూర్చున్నది. గద్వాల వైపు నుండి యొక పెద్దముత్తైదువ వ్రాసిరి. వారి కుమారుడు హైదరాబాదున నుద్యోగము చేయుచున్నాడు. తల్లిని, తండ్రిని, భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని పుష్యమాసమున ఉత్తరదేశమునకు పోదలచినాడట. రైలు గాదు, సత్రము గాదు. పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, మరుగుదొడ్డి అన్నియు లోపలనే యమర్చిన పెద్ద మోటారు బండి నొకదానిని నెలదినములకు అద్దెకు మాటాడినాడట. దానిని కారవాను అందురు. మనము బండియిల్లు అనుకొందము. పూర్వము మన యిండ్లలో గూడుబండి యుండలేదా! కాశి చూచి, అమృతసరము చూచి, కాశ్మీరమున మంచు కురియుచుండగా చూచి రావలెనని మనుమల కోరికయట.

ఆ తల్లి నన్ను నాలుగు ప్రశ్నలు అడిగిరి. దుప్పట్లు ఎన్ని కావలెను? ఏ పచ్చళ్ళు నిలుచును? అంత చలిలో పెరుగు తోడుకొనునా? కడపట, ఏదో చిన్నమాట వలె, "రాత్రివేళ పిల్లలకు వెచ్చగా నుండుటకు బండిలో కుంపటి యొకటి పెట్టుకొందుమా?" అని.

వయసున నాకు పెద్దవారు కావున పిన్నిగారని పిలిచెదను. పిన్నిగారూ, మొదటి మూడు ప్రశ్నలకు తీరుబడిగా జవాబు చెప్పవచ్చును. నాల్గవదానికి ముందే చెప్పవలెను. వద్దు. కుంపటి వద్దు, బొగ్గుల బకెట్టు వద్దు, గ్యాసు పొయ్యి వెలిగించి దాని చుట్టు చేరి నిద్రించుట వద్దు. ఆరుగురు ప్రాణులు నిద్రించు మూసిన బండిలో నిప్పు ఉండరాదు.

ఈ దారి మన సీమకు క్రొత్తది గాదు. మా కొత్తకోట మీదుగా పోవు రహదారి పూర్వము 7 వ నంబరు. 2010 లో నంబర్లు మార్చిన పిదప 44 వ నంబరైనది. కన్యాకుమారి నుండి శ్రీనగరము వరకు అది యొక్కటే త్రోవ. మా యూర ఉత్తరముఖముగా నిలిచిన లారీ ఎక్కడను దారి మార్చక పోయిన యెడల నాగపురము, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ దాటి కాశ్మీరమున దేలును. 1830 మే 18 న చెన్నపట్టణము విడిచిన యేనుగుల వీరాస్వామయ్యగారు ఈ వనపర్తి సీమ మీదుగానే కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3 న తిరిగి వచ్చిరి. వారిది పల్లకీలు, బోయీలు, డేరాలతోడి ప్రయాణము. డేరాగుడ్డ ఎంత బిగించి కట్టినను క్రిందనుండి గాలి దూరును. ఆ గాలిని తిట్టుకొనుచు పండుకొనినవారికి అదియే రక్షయైనది. నేటి బండియింటికి ఇనుపగోడలు, రబ్బరు అంచుల తలుపులు, బిగుతైన అద్దములు. చలి లోనికి రాదు, లోపలి విషము బయటికి పోదు.

మన చలి వేరు, అక్కడి చలి వేరు. మా యూర తెల్లవారుజామున 12 డిగ్రీలకు దిగినదనగా పిల్లలు స్నానమునకు మొరాయింతురు, ముసలివారు ఎండపొడ వచ్చువరకు అరుగు దిగరు. కాశ్మీరమున డిసెంబరు 21 మొదలు 40 దినములను చిల్లై కలాన్ అని పిలుతురు. పెద్దచలి కాలమది. 2024 లో అది మొదలగు సమయమున శ్రీనగరమున ఒక రాత్రి సున్నకు దిగువన 8.5 డిగ్రీలు నమోదైనది. ఏబది ఏండ్లలో డిసెంబరు నెలయందు అంత చలి లేదని అప్పుడు చెప్పుకొనిరి. అట్టి చలిని ఎన్నడును ఎరుగనివారు దానిని చూచి భయపడి మొదట చేయుపని యేదనగా, కిటికీలన్నియు మూసి నిప్పు దగ్గర పెట్టుకొనుట. దక్షిణదేశపువారమైన మనకు ఈ భయమే ప్రాణాంతకము.

2020 జనవరిలో కేరళ నుండి వెళ్ళిన యాత్రికులు నేపాళమున దామన్ అను కొండయూర ఒక బసలో రాత్రి గడపిరి. ఒకే గదిలో ఎనమండుగురు చేరి, గ్యాసు హీటరు వెలిగించుకొని, తలుపులు కిటికీలు బిగించి పండుకొనిరి. ఉదయమున ఎవరును లేవలేదు. ఆ ఎనమండుగురిలో నలుగురు పిల్లలు. 2022 జనవరిలో పాకిస్తానమున మరీ అను కొండపట్టణమునకు మంచు చూడబోయినవారి కార్లు ఒకరాత్రి హిమపాతమున చిక్కుకొనెను. వేడికై ఇంజను నడుపుచు కార్లలోనే కూర్చున్నవారిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. పెక్కుమందిని చంపినది మంచు గాదు, పొగగొట్టము మంచులో పూడుకొనిపోగా కారులోనికి మరలివచ్చిన విషవాయువని నాడు చెప్పిరి. బండియింటివారు ఈ రెండవ కథను ప్రత్యేకముగా జ్ఞాపకము పెట్టుకొనవలెను. నిలిచిన బండిలో ఇంజను నడుపుచు నిద్రింపరాదు. మంచు కురియుచున్నప్పుడు ఏ కారణముచేతనైనను ఇంజను తిప్పవలసి వచ్చిన, ముందు ఒకరు దిగి వెనుక గొట్టము చుట్టునున్న మంచును తీసివేయవలెను.

ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడు. బొగ్గుగాని, కట్టెగాని, గ్యాసుగాని, డీజిలుగాని చాలినంత గాలి లేక మండినప్పుడు అది పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. "పొగ ఆరిపోయిన నిప్పులే గదా, లోపల పెట్టిన నేమి?" అని మన పెద్దలు అనుచుందురు. ఆ పొగలేని యెఱ్ఱని నిప్పుల నుండియే అది ధారాళముగా వచ్చును. పొగ యుండిన దగ్గు వచ్చి మేలుకొందుము, ఇది మేల్కొలుపదు. మన రక్తము ప్రాణవాయువును పట్టుకొను శక్తికంటె దీనిని పట్టుకొను శక్తి 200 రెట్లకు మించినది. ఒకమారు రక్తమున చేరినదనగా ప్రాణవాయువునకు చోటుండదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, కాళ్ళు తేలిపోవుట దాని గుర్తులు. ప్రయాణమున ఇవి వచ్చిన యెడల మనము తిండి పడలేదనియో, ఘాటురోడ్డు తిప్పినదనియో అనుకొందుము. ఒక్క ఆనవాలు మరువకుడు: బండిలోని వారందరికి ఒక్కమారే తలనొప్పి వచ్చి, బయటికి దిగగానే తేలికపడినదా, అది తిండి గాదు, గాలి. వెంటనే పిల్లలను బయటికి దింపి, తలుపులన్నియు తెరచి, వైద్యుని యొద్దకు పోవలెను. మరల లోపలికి పోయి పండుకొనరాదు.

ఈ వాయువును కనిపెట్టి కీచుమని అరచు చిన్న యంత్రము అంగళ్ళలో దొరకును. అద్దెకు తీసికొను బండిలో అది యున్నదా, దాని బ్యాటరీ పనిచేయుచున్నదా యని డబ్బు చెల్లించుటకు ముందే పిన్నిగారి కుమారుడు చూడవలెను. లేకున్న తానే కొని పడకలకు దగ్గరగా తగిలింపవలెను. తల్లికి కంచిపట్టు కొనకున్నను సరే.

వేడి కావలెనన్న మార్గము లేకపోలేదు. ఇంధనమును వేరే గూటిలో మండించి, పొగను గొట్టముతో బయటికి పంపి, వేడిగాలిని మాత్రము లోపలికి ఊదు హీటరులు కొన్ని బండ్లలో అమర్చియుందురు. వాని గొట్టమునుగూడ మంచు పూడకుండ చూచుకొనవలెను. రాత్రి బస చేయుచోట కరెంటు తీగ తగిలించు వసతి యున్న, విద్యుత్తు హీటరు మేలు. ఈ రెండును లేని బండిని పుష్యమాసమున కాశ్మీరమునకు కొనిపోరాదని నా యభిప్రాయము. కాశి వరకు పోయి రండు, చాలును. మంచు వచ్చే యేడును కురియును.

ఇక బండియింటి రెండవ శత్రువు తడి. దీనిని ఎవరును ముందుగా తలపోయరు. నిద్రించు మనిషి నుండి ఊపిరిరూపమున, చెమటరూపమున రాత్రికి ఒక గ్లాసెడు నీరైనను వెలువడును. ఆరుగురన్న ఒక చిన్న బిందెకు సమీపించును. దానిపై వంట. ఒక కిలో గ్యాసు మండినప్పుడు కిలోన్నరకు పైగా నీటియావిరి పుట్టునని మా యింటి పంతులుగారు లెక్కవేసి చూపిరి. (నాకు నమ్మిక కలుగక, స్టీలు గిన్నెలో చల్లనినీరు పోసి మంటపై పట్టి, గిన్నె అడుగున చెమ్మ పట్టుట చూచి ఒప్పుకొంటిని.) ఈ యావిరి యంతయు చల్లని ఇనుపగోడలకు, అద్దములకు తగిలి నీరై కారి, పరుపుల క్రిందకు చేరును. వాల్మీకి హేమంతవర్ణనమున మసకబారిన చంద్రుని ఊర్పు సోకిన యద్దముతో పోల్చినది మనము చదివినదే గదా. పంచవటిలో అది సౌందర్యము, బండిలో బూజు. తడిసిన పక్క వెచ్చదనమును నిలుపదు, పసిపిల్లల రొమ్మునకు చేటు.

అందుచేత విషవాయువునకును తడికిని మందు ఒక్కటే. రెండు కిటికీలు, ఎదురెదురుగా నున్నవి, ఒక్కొక్కటి రెండువ్రేళ్ళ మందము రాత్రియంతయు తెరచియుంచవలెను. పైకప్పున గాలిరంధ్రమున్న దానిని గుడ్డలతో కుక్కరాదు. వంట వేళ ఇంకను ఎక్కువ తెరువవలెను. తడిబట్టలు లోపల ఆరవేయరాదు. ఉదయమున లేవగానే అద్దములపై నీటిని తుడిచి ఆ గుడ్డను బయట పిండవలెను, పరుపులను ఎత్తి నిలువబెట్టవలెను.

ఇక్కడ నొక మాట. కిటికీ తెరచుట సులభము, తెరచియుంచుట కష్టము. నడిరాత్రి మామగారు "చలి కొట్టుచున్నది, ఎవరది తెరచినది?" అందురు. కుమారుడు పగలంతయు బండి నడిపి అలసి పండుకొనియుండును. కోడలు లేచి మూయును. మన యిండ్లలో మాట యట్లే నడచును. ఆమెకు విషయము తెలిసినను, పెద్దవారికి ఎదురు చెప్పుటకంటె చలిగాలికి తలుపు మూయుట తేలిక. కావున పిన్నిగారూ, ఈ పని మీది. బయలుదేరుటకు ముందే అందరి యెదుట చెప్పుడు: రాత్రి గాలికి యజమానురాలు కోడలు, ఆమె తెరచిన కిటికీని ఆమె తప్ప మరొకరు, మీరుగాని మామగారుగాని, మూయరాదు, మూయుమని ఎవరు అడిగినను ఆమె వినకుండుటకు మీరే అనుమతి ఇచ్చితిరి. ఆడుపిల్లకు వినయము నేర్పుట యెంత ముఖ్యమో, ఏ చోట దానిని ప్రక్కన బెట్టవలెనో చెప్పుటయు అంత ముఖ్యము. అత్తగారు చెప్పిననే అది చెల్లును.

"కిటికీ తెరచిన వెచ్చదనమెట్లు?" అందురేమో. నిప్పు లేక ఆరుబయట పుష్యమాసమును గడపువారు మన పొలములలోనే కలరు. కోతలైన పిదప మా యూరి చుట్టు చేలలో గొల్లకురుమలు గొఱ్ఱెల మందలు పెట్టుదురు. ఎరువునకై రైతు వారికి గింజలో, రొక్కమో ఇచ్చును. వారికి తలుపు లేదు, కప్పు లేదు. నల్లగొంగడిని మడచి తలపై కుచ్చెలవలె వేసికొని, గాలికి వీపు త్రిప్పి కూర్చుందురు, దానిలోనే ముడుచుకొని పండుకొందురు. మంట వేసికొన్నను ఆకాశము క్రింద వేసికొందురు. గొంగడి మన దక్కను గొఱ్ఱె ఉన్నితో నేసినది. నేతలో చింతగింజల గంజి పట్టింతురు. గరుకుగా నుండును, బరువుగా నుండును, కాని మంచుబిందువు దానిపై జారిపోవును, లోనికి దిగదు. గద్వాల అనగానే లోకమునకు జరీచీర జ్ఞప్తికి వచ్చును. ఈ ప్రయాణమునకు మాత్రము జరీకంటె గొంగడి విలువైనది.

వెచ్చదనము బట్ట బరువున లేదు, బట్టల నడుమ నిలిచిన గాలిలో నున్నది. ఒక మందపు రగ్గుకంటె మూడు పలుచని పొరలు మేలు. అడుగున ఎక్కువ కావలెను. పండుకొనువాని వేడిని క్రిందనున్న ఇనుపరేకు పీల్చివేయును. పాతచీరలతో కుట్టిన బొంతలు రెండు అడుగున, ఒకటి పైన, ఆపైన గొంగడి. మనిషికి ఇట్లు లెక్క వేసికొనుడు. దుప్పట్ల ప్రశ్నకు ఇది జవాబు. ఒంటికి తగులునది పొడిబట్ట కావలెను, పగలు వేసికొన్న దానితో పండుకొనరాదు. తలకు, పాదములకు ఉన్ని. పిల్లల తలకు కుళ్ళాయి పెట్టుడు గాని ముఖముపై దుప్పటి కప్పకుడు. వేడినీళ్ళ సంచిని గుడ్డ చుట్టి పాదముల దగ్గర నుంచిన హాయిగా నుండును. పసివానికి నేరుగా తగులనీయరాదు.

కాశ్మీరమున ఆడువారు మగవారు పొడుగుటంగీ లోపల కాంగ్రీ యను నిప్పుకుండను పట్టుకొని తిరుగుటను మీరు చూచెదరు. మట్టిపాత్ర, చుట్టును మెలిదీగల అల్లిక, చూడ ముచ్చటగా నుండును. మనుమరాలు కొనుమని మారాము చేయును, అలంకారమునకు కొనుడు. నిప్పులు వేసి బండిలోనికి తేరాదు. దానిని పుట్టినది మొదలు ఎరిగినవారికే ఒళ్ళు కాలుటయు, ఏండ్ల తరబడి వేడి తగిలినచోట, పొట్టపైనను తొడలపైనను, పుండు పుట్టి కేన్సరగుటయు కలదు. వైద్యులు దానికి కాంగ్రీ పేరే పెట్టిరి.

నీటి సంగతి చెప్పెదను. బండి క్రిందనున్న తొట్టి మొదట గడ్డకట్టును. నీరు గడ్డకట్టినప్పుడు పదునొకండింట ఒక పాలు పెరుగును; నిండుగానున్న గొట్టము పగులును, గాజుసీసా పగులును. రాత్రి గొట్టములలోని నీటిని వదలివేసి, త్రాగునీటిని మూతగల స్టీలు బిందెలో, మెడ వరకు మాత్రమే నింపి, లోపల నుంచుడు. ఉదయపు కాఫీకి కావలసిన నీరు రాత్రియే గిన్నెలో పోసి పొయ్యిమీద పెట్టిన, గడ్డకట్టినను అందులోనే కరగును. గ్యాసు సిలిండరు చలిలో మందగించును. అందుగల రెండు వాయువులలో బ్యూటేను సున్న డిగ్రీల దగ్గరనే ఆవిరగుట మానుకొనును. మంట నీలముగా రాక బలహీనమైనచో సిలిండరును నిప్పుతో వెచ్చజేయు సాహసము ఎవరును చేయరాదు. కాశ్మీరపు టెత్తున నీరు తక్కువ వేడికే మరగును. కందిపప్పు కుక్కరు లేక త్వరగా ఉడుకదు.

మా వనపర్తి ప్రాంతపు పల్లినూనె మంచిదే, కాని సున్నకు సమీపించగనే చిక్కబడి డబ్బానుండి వంగదు. కొబ్బరినూనె సంగతి చెప్పనక్కరలేదు, అది ఢిల్లీ చేరకముందే రాయి. ఆవనూనె చలిని తాళును. కాశ్మీరమువారు దానితోనే వండుదురు. జమ్మూలో ఒక సీసా కొనుడు. వాసనకు రెండుదినములు ముక్కు చిట్లింతురు, మూడవనాడు అలవాటగును. ఉప్పు, నూనె దండిగానున్న ఆవకాయ, మాగాయ ఎక్కడనైనను నిలుచును. గాజుజాడీ మాత్రము వద్దు. పలుచగా తట్టి ఎండనిచ్చిన జొన్నరొట్టెలు, నువ్వులు అద్దిన సజ్జరొట్టెలు, బెల్లముతో కట్టిన నువ్వులుండలు, పల్లిపట్టీలు తీసికొనిపొండు. పొయ్యి వెలిగింపకయే ఒక పూట గడచునట్లు ఎప్పుడును నిలువ యుంచవలెను. మంచుచేతను, కొండచరియలు విరిగిపడుటచేతను జమ్మూ, శ్రీనగరముల నడుమ రహదారిని మూసివేయుట తరచు. 2021 లో బనిహాల్, కాజీగుండుల నడుమ దాదాపు 8.5 కిలోమీటర్ల సొరంగము తెరచిన పిదప కష్టము కొంత తగ్గినది గాని పోలేదు. దారి మూసిరని పోలీసులు చెప్పిన, వాదింపక ఊరిలో గది తీసికొనుడు.

డీజిలు మాట మగవారిది అందురు గాని వినియుండుట మంచిది. మామూలు డీజిలు గట్టిచలిలో మైనము వలె పేరుకొని ఇంజనుకు అందదు. లడఖు వంటి సీమలకై సున్నకు దిగువన 33 డిగ్రీల వరకు పేరుకొనని డీజిలును 2019 నవంబరులో విడుదల చేసిరి. మీ రంతదూరము పోరు. అయినను మన మైదానపు డీజిలు తొట్టినిండ పోసికొని కొండ యెక్కక, పైన దొరకుదానిని పోయించుట మేలు.

పెరుగు తోడుకొనును, పిన్నిగారూ. పాలు ఇక్కడికంటె కొంచెము వేడిగా నున్నప్పుడే, చేమిరి ఇంచుక ఎక్కువ వేసి, స్టీలుడబ్బాలో బిగించి, డబ్బాను గొంగడిలో చుట్టి మీ పడక మూల నుంచుడు. ఆరేడు గంటలకు బదులు పది గంటలు పట్టును. కదలుచున్న బండిలో తోడువేయకుడు, రాత్రి నిలిచిన తరువాత వేయుడు.

గొంగళ్ళు పట్టణపు దుకాణములలో అడుగుట వృథా. అక్కడ నల్లరంగు వేసిన మిల్లు రగ్గులను అమ్ముదురు. పెబ్బేరు సంతకు గొఱ్ఱెలు తోలుకొనివచ్చు కురుమలను అడిగిన నేయువారి యిల్లు చెప్పుదురు. ఉన్నియగునో కాదో తెలియగోరిన, అంచు నుండి ఒక పోగు లాగి కాల్చి చూడుడు: ఉన్ని వెంట్రుక కాలిన కంపు కొట్టి బూడిదయగును, మిల్లు పోగు ముద్దగా కరగును. కొత్తదానిని నాలుగుదినములు ఎండలో పరచుడు. ఉతుకకుడు; ఉతికిన గంజి పోయి నీరు దిగును. ఒంటికి గుచ్చుకొనునని పిల్లలు ఏడ్తురు గావున, మీ పాతచీర నొకదానిని లోపలివైపు నాలుగంచులకు కుట్టి ఇండు.